బాపు లెక్క ఎట్ల చెప్తడు? క్రీస్తు న్యాయపీఠం గురించి ఒక ప్రశ్న

భూపాలపల్లి బిడ్డ · శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ వందనాలు. నేను ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఉండేది హనుమకొండలో, పుట్టి పెరిగింది భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో. మా బాపు చనిపోయి రేపటికి యాభై రెండు రోజులు.

ఆదరణ కూడికలో వాక్యం చెప్పడానికి వచ్చిన ఒక అయ్యగారు 2 కొరింథీ 5:10 తీశారు. మనిషి చేసిన ప్రతి పాపం, చాటుగా అన్న ప్రతి మాట తెర మీద సినిమాలాగ వేస్తారు, పరలోకమంతా చూస్తుంది, విశ్వాసి అయినా తల దించుకుని నిలబడాల్సిందే అన్నారు. బతికున్నవాళ్లను హెచ్చరించాలనే అని ఉంటారు. కానీ ముందు వరుసలో కూర్చున్నది మా అమ్మ.

ఆ రోజు నుంచి అమ్మకు నిద్ర లేదు. ఎందుకంటే బాపుకూ మా కాకకూ పద్దెనిమిదేళ్లుగా మాటల్లేవు. పన్నెండు గుంటల పొలం దగ్గర మొదలైంది. తప్పు ఎవరిదో తేల్చడానికి రాయడం లేదు. బాపు మంచి విశ్వాసి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన ఆదివారం కూడా పడుకోకుండా వెళ్లి గుడి తలుపులు తెరిచేవాడు, చాపలు దులిపి పరిచేవాడు. కానీ తమ్ముడితో మాట్లాడకుండానే పోయాడు.

నిన్న రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుని అమ్మ అడిగింది: "మీ బాపు దాని లెక్క ఎట్ల చెప్తడు బిడ్డా? అందరి ముందట ఏమని నిలవడ్తడు?"

నాకు జవాబు రాలేదు. క్షమించిన పాపాలను దేవుడు మళ్లీ జ్ఞాపకం చేసుకోడని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. మరి ఈ లెక్క ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంకా మేలు.

కాజీపేట జంక్షన్ · శుక్రవారం, రాత్రి 11:25

చెల్లెమ్మా, ముందుగా మీ కుటుంబానికి ప్రభువు ఆదరణ కలగాలి. నేను రైల్వేలో రిటైరయ్యాను, ఇరవై ఏళ్లకు పైగా సండే స్కూల్ చెబుతున్నాను. బాప్టిస్టు సంఘం మాది. నాకు తెలిసింది రాస్తాను.

రెండు సింహాసనాలను కలిపేయడం వల్లనే మీ అమ్మగారికి ఈ టెన్షన్ వచ్చింది. ప్రకటన 20లో ఉన్నది ధవళమైన మహా సింహాసనం. అక్కడ జీవగ్రంథంలో పేరు లేనివాళ్లకు శిక్ష. 2 కొరింథీ 5లో ఉన్నది క్రీస్తు న్యాయపీఠం. అది విశ్వాసుల కోసం. అక్కడ తేలేది పరలోకమా నరకమా అన్నది కాదు. అది సిలువ దగ్గరే తేలిపోయింది. రోమా 8:1 ప్రకారం క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు. యోహాను 5:24లో యేసు ప్రభువే చెప్పాడు, నమ్మినవాడు తీర్పులోకి రాడు, ఇప్పటికే మరణం నుంచి జీవంలోకి దాటి ఉన్నాడు అని.

న్యాయపీఠం అన్న చోట గ్రీకులో "బేమా" అనే మాట ఉంది. మెట్లెక్కి వెళ్లే ఎత్తైన వేదిక. కొరింథులో దాని శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. కొరింథు పక్కనే ఇస్త్మియా అనే చోట రెండేళ్లకోసారి ఆటల పోటీలు జరిగేవి. అలాంటి పోటీల్లో గెలిచినవాళ్లకు ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. 1 కొరింథీ 9లో పౌలు పరుగు పందెం గురించి, వాడిపోయే కిరీటం గురించి రాసింది ఆ ఊరివాళ్లు కళ్లారా చూసేదాన్ని బట్టే. అందుకే మా సండే స్కూల్‌లో పిల్లలకు అది ప్రతిఫలం ఇచ్చే వేదిక అని చెబుతాం.

తెర, సినిమా అన్నవి బైబిల్లో లేవు. అమ్మగారికి ఆ ఒక్క మాట ఈ రాత్రే చెప్పండి.

ఎనుమాముల మార్కెట్ · శనివారం, ఉదయం 5:50

ప్రైజ్ ద లార్డ్. యార్డుకు పోయే ముందు రాస్తున్నాను, తప్పులుంటే క్షమించాలి.

అక్కా, 1 కొరింథీ 3వ అధ్యాయం 10 నుంచి 15 దాకా అమ్మకు చదివి వినిపించు. పునాది క్రీస్తే. దాని మీద ఒకడు బంగారం, వెండి, వెలగల రాళ్లతో కడతాడు, ఇంకొకడు కర్ర, గడ్డి, కొయ్యకాలుతో కడతాడు. ఎవరి పని ఎట్టిదో అగ్ని పరీక్షిస్తుంది. "ఎట్టిదో" అని ఉంది, "ఎంతో" అని లేదు. ఈ ఒక్క మాట నాకు అర్థమవడానికి పదేళ్లు పట్టింది. అర్థమైంది కూడా చర్చిలో కాదు, మిర్చి యార్డులో.

మా దగ్గర సీజన్లో తెల్లారేసరికి బస్తాలు గుట్టలుగా వచ్చి ఉంటాయి. పై నుంచి చూస్తే అన్నీ ఎర్రగానే ఉంటాయి. కొనేవాడు పైన చూడడు. బస్తా కడుపులోకి చెయ్యి పెట్టి లోపలి కాయ పిడికెడు లాగుతాడు. అరచేతిలో పరిచి తాలు, అంటే రంగు పోయిన తెల్లకాయ, ఎంతుందో, నీళ్లు కొట్టారా లేదా, తొడిమె ఎండిందా లేదా చూస్తాడు. ఒకసారి ఒక పెద్ద రైతు ఎనభై బస్తాలు తెచ్చాడు. అదే లైన్లో ఒక ముసలమ్మ మూడు బస్తాలతో కూర్చుంది. ఆమె, ఆమె కోడలు కల్లంలో కూర్చుని ఒక్కో కాయ ఏరారట. వేళ్లు మండితే కొబ్బరినూనె రాసుకుని మళ్లీ ఏరారట. ఆ రోజు జెండా పాట ధర, అంటే వేలంలో పలికిన పై ధర, ఆ మూడు బస్తాలకే పడింది. ఎనభై బస్తాల్లో చెయ్యి పెడితే లోపల అంతా తెల్లకాయ.

తూకం వేసే దడువాయి కాంటా పెట్టేది తర్వాత. ముందు చూసేది నాణ్యం. తాలు పోతుంది, కానీ రైతును ఎవరూ యార్డు నుంచి వెళ్లగొట్టరు. 15వ వచనం అదే చెబుతోంది. పని కాలిపోతే నష్టం కలుగుతుంది, మనిషి మాత్రం రక్షింపబడతాడు.

బాపు గుడి తలుపులు తెరిచినవి, చాపలు పరిచినవి ఉన్నాయి కదా. అవి బస్తా లోపలి కాయలు అక్కా.

డోర్నకల్ వాసి · శనివారం, మధ్యాహ్నం 2:15

నేను సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో పరిచర్య చేస్తున్నాను. కాజీపేట అన్న రాసినదానిలో ఎక్కువ భాగానికి ఆమేన్ అంటాను. రెండు విషయాల్లో మాత్రం నా మనసు వేరు. సోదరికి తేలికైన జవాబు కంటే నిలబడే జవాబు కావాలి కాబట్టి రాస్తున్నాను.

మొదటిది. తీర్పులు రెండు, వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులకు అని గీసి చూపించే పటం సంఘ చరిత్రలో అంత పాతది కాదు. 19వ శతాబ్దంలో డార్బీ లాంటి బ్రదరన్ బోధకుల దగ్గర రూపు దిద్దుకుని, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రెఫరెన్స్ బైబిల్ ద్వారా లోకమంతా పాకింది. మన తెలుగు సంఘాల్లోకీ అలాగే వచ్చింది. అంతకు ముందు నుంచీ ఉన్న విశ్వాస ప్రమాణంలో మనం చెప్పేది ఒక్కటే, సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడని. మత్తయి 25లో గొర్రెలూ మేకలూ ఒకే సింహాసనం ఎదుటే నిలబడతాయి. ఆ పటాన్ని నమ్మేవాళ్లను తప్పు పట్టను. కానీ అది ఒక వివరణ మాత్రమే.

రెండోది, నాకు ముఖ్యమైనది. బేమాను కేవలం బహుమతుల వేదిక చేసేస్తే 2 కొరింథీ 5:10లో "చెడ్డవైనను సరే" అన్న మాట ఎక్కడికి పోతుంది? కొరింథువాళ్లు ఆ వేదికను బహుమతుల కోసం గుర్తుపెట్టుకోలేదు. అపొస్తలుల కార్యములు 18:12 చూడండి. క్రీ.శ. 51-52 ప్రాంతంలో గల్లియో అక్కడ రోమా అధిపతిగా ఉన్నప్పుడు యూదులు పౌలును పట్టుకుని తీసుకువెళ్లింది న్యాయపీఠం ముందుకే. ఆ మాట రాసిన మనిషి నిందితుడుగా అక్కడ నిలబడ్డాడు.

ఇంకొకరు కూడా నిలబడ్డారు. మత్తయి 27:19లో పిలాతు కూర్చున్నది కూడా న్యాయపీఠం మీదనే, గ్రీకులోనూ అదే మాట. మన ప్రభువు దాని ముందు దోషిగా నిలబడి, మన శిక్ష తన మీద వేసుకున్నాడు. ఇప్పుడు ఆ పీఠం మీద కూర్చునేది ఆయనే. సోదరీ, అమ్మగారికి ఇది చెప్పండి. మీ బాపు లెక్క చెప్పబోయేది చేతులకు మేకుల గుర్తులున్న న్యాయాధిపతికి. లెక్క నిజమే. అడిగేవాడు ఎవరన్నది కూడా అంతే నిజం.

డిగ్రీ ఫైనల్ · శనివారం, రాత్రి 8:05

అన్నలూ అక్కలూ, నాదొక డౌట్. అక్క బాధలో ఉన్నప్పుడు అడగొచ్చో లేదో తెలియదు.

అసలు ప్రతిఫలం కోసం దేవుణ్ణి సేవించడం సరైనదేనా? మత్తయి 20లో పొద్దున్నుంచి ఎండలో చేసినవాడికీ, సాయంత్రం ఒక్క గంట చేసినవాడికీ ఒకటే దేనారం. లూకా 19లో మాత్రం ఒకడికి పది పట్టణాలు, ఇంకొకడికి అయిదు. ఏది నిజం? పరలోకంలో కూడా ర్యాంకులుంటే, తక్కువ వచ్చినవాడు నిత్యం బాధపడుతూ ఉంటాడా? ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మాకు ఆ మాట వింటేనే భయమేస్తుంది.

రామగుండం బి షిఫ్ట్ · శనివారం, రాత్రి 11:50

తమ్ముడూ, మంచి ప్రశ్న. అక్క కూడా సింగరేణి బిడ్డే కాబట్టి ఆ భాషలోనే చెబుతా.

కంపెనీలో జీతం వేరు, దసరా ముందు వచ్చే లాభాల వాటా వేరు. వాటా పడేటప్పుడు ఎవరెన్ని మస్టర్లు, అంటే హాజరు రోజులు, చేశారో చూస్తారు. నా మొదటి ఏడాది నాన్న పోయి రెండు నెలలు డ్యూటీకి పోలేదు, నా వాటా తగ్గింది. మా షిఫ్టులో ఒకాయనకు ఎక్కువ వచ్చింది. సాయంత్రం ఆయన మా ఇంటికి మిఠాయి డబ్బా తెచ్చి మా పిల్లల చేతిలో పెట్టాడు. నాకు ఆయన మీద అసూయ పుట్టలేదు. ఆయన ఏడాదంతా ఎలా దిగాడో నాకు తెలుసు. లోకంలోనే ఒక్కోసారి అలా ఉండగలిగితే, పాపం లేని చోట వేరేవాడి కిరీటం చూసి ఎవరు ఏడుస్తారు?

కానీ పోలిక ఇక్కడితో ఆపాలి. కంపెనీ మాకు బాకీ ఉంటుంది, దేవుడు ఎవరికీ బాకీ లేడు. లూకా 17:10లో చెప్పినట్టు, అన్నీ చేశాక కూడా మేము నిష్‌ప్రయోజకులమైన దాసులము అనాల్సినవాళ్లమే.

కాజీపేట జంక్షన్ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఆరాధన ముగించుకుని ఇప్పుడే వచ్చాను. డోర్నకల్ అయ్యగారూ, పిలాతు న్యాయపీఠం సంగతి నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కలిపి చూడలేదు. పటం విషయంలో నా నమ్మకం నాది, దాన్ని ఇక్కడ వాదించను. "చెడ్డవైనను సరే" అన్నదాన్ని మాత్రం నేను తేలికగా దాటేస్తున్నానని ఒప్పుకుంటాను.

విద్యార్థి తమ్ముడికి ఒక్క మాట. కొలొస్సయి 3:24 చూడు. పౌలు అక్కడ మాట్లాడుతున్నది దాసులతో. ప్రభువు మీకు ప్రతిఫలంగా స్వాస్థ్యం ఇస్తాడు అంటాడు. ఆ కాలపు చట్టంలో బానిసకు వారసత్వం లేదు. కూలికి వచ్చినవాడు సాయంత్రం కూలి తీసుకుని పోతాడు, ఇంటి కొడుకు పంటలో భాగం తీసుకుంటాడు. అంటే దాసుడిగా పనిచేసినవాడి చేతిలో కొడుకు వాటా పెడుతున్నాడు దేవుడు. దాన్ని ఆశించడం స్వార్థం ఎలా అవుతుంది? హెబ్రీ 11:6 ప్రకారం దేవుణ్ణి వెదికేవాళ్లకు ఆయన ఫలం ఇస్తాడని నమ్మడం విశ్వాసంలోనే ఒక భాగం.

లూకా 19లో ఇచ్చింది ఏమిటో కూడా చూడు. పట్టణాల మీద అధికారం, అంటే ఇంకా ఎక్కువ బాధ్యత. యజమానికి దగ్గరగా ఉండి చేసే పని. కిరీటాలు అయిదు రకాలు అని మేం పిల్లలకు కంఠస్థం చేయిస్తాం. అక్షయ కిరీటం, అతిశయ కిరీటం, నీతి కిరీటం, జీవ కిరీటం, మహిమ కిరీటం. కానీ ప్రకటన 4:10లో ఇరవై నలుగురు పెద్దలు తమ కిరీటాలు తీసి సింహాసనం ముందు వేసేస్తారు. దాచుకునే వస్తువైతే వేయరు కదా.

ఫాతిమానగర్ · ఆదివారం, సాయంత్రం 6:20

నేను కథోలిక సంఘస్తురాలిని, టీచర్‌ని. ఇక్కడ ఎక్కువమంది ప్రొటెస్టెంటు సోదరులని తెలుసు. అయినా ఈ అక్క బాధ మా ఇంట్లోనూ పడ్డాం, అందుకే రాస్తున్నాను.

మా బోధలో మనిషి చనిపోయిన వెంటనే ఒక తీర్పు ఉంటుంది, లోకాంతాన అందరి ముందూ మరొకటి ఉంటుంది. దేవుని స్నేహంలోనే చనిపోయినా ఇంకా శుద్ధి కావలసినవాళ్లకు ఉత్తరించు స్థలం ఉందని నమ్ముతాం. 1 కొరింథీ 3:15లోని అగ్నిని మా పెద్దలు అలా అర్థం చేసుకున్నారు. అందుకే నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తాం, పూజ పెట్టిస్తాం. మీరు దీనితో ఏకీభవించరని తెలుసు.

మేం క్రియలతో పరలోకం కొనుక్కుంటామని అనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ఇంకొకటి. పునీత అగస్టీను మాట ఒకటి మా ఫాదర్ తరచూ చెబుతారు. దేవుడు మన పుణ్యాలకు కిరీటం పెట్టేటప్పుడు, నిజానికి తాను ఇచ్చిన వరాలకే కిరీటం పెడుతున్నాడట. 1547లో మా సంఘ పెద్దల త్రెంతు మహాసభ నీతిమంతులుగా తీర్చబడడం గురించి రాసినప్పుడు కూడా ఆ ఆలోచననే తీసుకుంది.

మా అత్తమ్మ పోయాక మా ఆయన ఆరు నెలలు మనిషిలా లేడు. చివరి రోజుల్లో ఆమె మీద విసుక్కున్నాడు. చనిపోయినవాళ్ల కోసం ఏదో ఒకటి చేయగలమన్న నమ్మకమే ఆయన్ని నిలబెట్టింది. మీ సంఘంలో ఆ దారి లేకపోతే, బతికున్నవాళ్లకు ఏదో ఒకటి చేసే దారి ఉంటుంది కదా అక్కా.

భూపాలపల్లి బిడ్డ · ఆదివారం, రాత్రి 11:10

అందరివీ చదివాను. మిర్చి బస్తాల సంగతి అమ్మకు చదివి వినిపించాను. మొదటిసారి కొంచెం నవ్వింది. మేం కూడా చిన్నప్పుడు సెలవుల్లో తాలు ఏరడానికి వెళ్లేవాళ్లం.

ఫాతిమానగర్ అక్క చివరి మాట చదివాక దాచుకోలేక రాస్తున్నాను. నేను మొదట అంతా చెప్పలేదు.

పోయిన సంక్రాంతికి బాపు నాకు ఫోన్ చేసి, కొత్త బియ్యం ఒక బస్తా మీ కాక ఇంట్లో దించి రా అన్నాడు. కాక వాళ్లు ఉండేది వరంగల్‌లోనే, మా ఇంటి నుంచి అరగంట దారి. "నేనిచ్చిన అని చెప్పకు, నువ్వే తెచ్చినట్టు చెప్పు" అన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన నోట కాక పేరు వినడం అదే మొదటిసారి. నాకు కోపం వచ్చింది. అప్పట్లో కాక వాళ్లు అమ్మను అన్న మాటలు గుర్తొచ్చాయి. సరే అన్నాను, పోలేదు. బాపు రెండుసార్లు అడిగాడు. రెండోసారి ఇచ్చాను అని చెప్పాను.

ఆ బస్తా మా స్టోర్ రూంలోనే ఉంది. పురుగు పట్టింది.

అమ్మ బాపు లెక్క గురించి ఏడుస్తుంటే నేను పక్కన కూర్చుని ఓదారుస్తున్నాను. కానీ ఆ లెక్క నాది.

డిచ్‌పల్లి నర్సు · సోమవారం, ఉదయం 6:40

నైట్ డ్యూటీ దిగి మీ మాట చదివాను. కాసేపు ఏమీ రాయలేకపోయాను.

అక్కా, మా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి 1915లో మొదలైంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, ఆమె భర్త మొదలుపెట్టారు. ఊళ్లలోంచి వెళ్లగొట్టిన మనుషులకు ఇక్కడ చోటు దొరికింది. అప్పట్లో మందంటే చాల్‌మోగ్రా గింజల నూనెను సూదితో ఎక్కించడమే. డాక్టరమ్మ పేరు పుస్తకాల్లో ఉంది. కానీ ప్రతి రోజూ పుండ్లు కడిగి కట్టు కట్టినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? నేను స్పర్శ లేని పాదాలకు కట్లు కట్టాను. కట్టు విప్పేటప్పుడు తడి చేసి, నెమ్మదిగా, దారం దారంగా తియ్యాలి. రోగికి నొప్పి తెలియదు కాబట్టి గట్టిగా లాగినా అడిగేవాళ్లుండరు. నెమ్మదిగా తీశామా లేదా అన్నది మనకూ దేవుడికీ మాత్రమే తెలుస్తుంది.

మత్తయి 25లో నీతిమంతులు ఆశ్చర్యపోతారు. ప్రభువా, నువ్వు ఆకలిగొని ఉండగా ఎప్పుడు చూశాం అని అడుగుతారు. వాళ్ల దగ్గర లిస్టు లేదు. మీ బాపు కూడా పేరు చెప్పకు అన్నాడు కదా. కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదన్న మాట ఆ మనిషి పాటించాడు. బియ్యం చేరలేదు, కానీ ఇవ్వాలనుకున్న మనసు దేవుడి దగ్గర అప్పుడే చేరింది. 1 కొరింథీ 4:5 చదవండి. ప్రభువు వచ్చి హృదయాల్లోని ఆలోచనలను బయలుపరుస్తాడు, అప్పుడు ప్రతివాడికీ దేవుని వలన మెప్పు కలుగుతుంది. బయటపడేది అవమానమే అని మనం అనుకుంటాం. అక్కడ రాసి ఉన్నది మెప్పు అని.

ఎనుమాముల మార్కెట్ · సోమవారం, రాత్రి 9:00

అక్కా, దేవుడు క్షమిస్తాడు, అది నీకు తెలుసు. నా వైపు నుంచి ఒక్క హెచ్చరిక. ఇలాంటి బరువు మీద ఉన్నప్పుడు, ఇంత కానుక పంపితే నీ లెక్క సరిపోతుంది అనేవాళ్లు వస్తారు. ఒకాయన మాటలు నమ్మి నేను మూడేళ్లు అలా పంపాను. పరలోకంలో నా పేరున ఇల్లు కడుతున్నారని చెప్పాడు. అప్పు చేసి మరీ పంపాను. ఇంట్లో పిల్లల ఫీజు కట్టలేదు.

మత్తయి 6లో, నలుగురికీ తెలిసేలా ధర్మం చేసేవాళ్లు తమ ఫలం పొందియున్నారు అని ఉంటుంది. అక్కడి గ్రీకు మాట ఆ కాలంలో రసీదుల మీద రాసేదని మా బైబిల్ క్లాసులో చెప్పారు. మన అడ్తి చిట్టీ మీద "పైకం ముట్టింది" అని రాసినట్టు. ముట్టిన తర్వాత మళ్లీ అడగడానికి ఏమీ ఉండదు. యేసు ప్రభువు ప్రతిఫలం ఇస్తానన్నది గిన్నెడు చన్నీళ్లకు. దానికి డబ్బు అక్కర్లేదు.

డోర్నకల్ వాసి · సోమవారం, రాత్రి 10:30

ఎనుమాముల తమ్ముడు చెప్పింది మాలాంటివాళ్లం ముందు వినాలి. హెబ్రీ 13:17 ప్రకారం మందను కాసేవాళ్లు లెక్క ఒప్పగించాలి. యాకోబు 3:1 ప్రకారం బోధకులకు మరి కఠినమైన తీర్పు. ఆదరణ కూడికలో ఒక విధవరాలిని నిద్రపోనివ్వకుండా చేసిన ప్రసంగాలు నేనూ చేసి ఉంటాను.

మా డోర్నకల్‌కు 1912లో అజరయ్య బిషప్పుగా వచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్పు ఆయనే. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత, తల మీద చెయ్యి పెట్టించి, 1 కొరింథీ 9:16లోని మాట చెప్పించేవారట, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని. ఇక్కడి కూలి జనం చేత ఆ మాట పలికించడం అంటే, లెక్క అప్పగించాల్సింది పాదిరి ఒక్కడే కాదు, నువ్వు కూడా, నీకూ దేవుడు పని ఇచ్చాడు అని చెప్పడం. దొర దగ్గర ఏ లెక్కకూ రాని మనిషిని దేవుడు లెక్క అడుగుతున్నాడంటే ఆ మనిషికి అదొక గౌరవం. నేను చిన్నప్పుడు మా తాతమ్మ దగ్గర విన్నది ఇదే. ఆమె ఆ మాట భయంతో చెప్పలేదు, తల ఎత్తి చెప్పింది.

సోదరీ, మీరు రాసినదానికి నా దగ్గర వచనం ఒకటే ఉంది, మత్తయి 5:23, 24. బలిపీఠం దగ్గర కానుక పట్టుకుని ఉన్నప్పుడు నీ సహోదరునికి నీ మీద విరోధం ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లు. బాపు ఆ దారిలో సగం దూరం వచ్చారు. మిగిలిన అరగంట దారి మీ ఇంటి ముందే ఉంది.

డిగ్రీ ఫైనల్ · సోమవారం, రాత్రి 11:05

అక్కా, బస్తా మోయడానికి మనిషి కావాలంటే చెప్పండి. నేను వరంగల్‌లోనే ఉంటాను.

భూపాలపల్లి బిడ్డ · గురువారం, రాత్రి 9:45

నిన్న పోయి వచ్చాం. అమ్మ కూడా వచ్చింది. ముందు అమ్మకు నిజం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ బియ్యం వద్దు, పురుగు పట్టినయి ఇస్తరా ఎవరన్న? కొత్త బస్తా కొను" అని లేచి చీర మార్చుకుంది. తమ్ముడూ, ఆటో డ్రైవరే దించి పెట్టాడు, నీ మాటకు థాంక్స్.

కాక తలుపు తీశాడు. బాగా సన్నబడ్డాడు. అమ్మను చూసి పక్కకు జరిగాడు, రమ్మనలేదు, వద్దనలేదు. బాపు పోయినప్పుడు రాలేదని మాకు కోపం ఉండేది. ఆ రోజు సమాధుల తోట దాకా వచ్చి, రోడ్డు అవతల బండి మీదే కూర్చుని, అందరూ పోయాక మట్టి వేసి వెళ్లాడట. చిన్నమ్మ చెప్పింది.

నేను సంక్రాంతి సంగతి చెప్పాను. బాపు పంపమన్నాడని, నేను తేలేదని, తెచ్చినట్టు అబద్ధం చెప్పానని. కాక బస్తా మూతి విప్పాడు. పిడికెడు బియ్యం తీసి అరచేతిలో చాలాసేపు చూశాడు. ఎనుమాముల అన్న రాసింది నాకు గుర్తొచ్చింది. "అన్నకు సన్నబియ్యమే ఇష్టం," అన్నాడు. అంతే. పొలం మాట ఎవరూ ఎత్తలేదు.

వచ్చేటప్పుడు గేటు దగ్గర అడిగాడు, రాయి మీద ఏం రాయిస్తున్నరు అని. మా తమ్ముడు "భళా, నమ్మకమైన మంచి దాసుడా" అని రాయిద్దామని ముందే అనుకున్నాడు. అమ్మ వెంటనే వద్దంది. "అది మనం రాసేది కాదు. ఆయన చెప్పేది. చెప్పినంక మీ బాపే ఇంటడు" అంది. పేరు, రెండు తేదీలు చాలంది. కాక తల ఊపాడు. రాయి డబ్బులు తాను ఇస్తానన్నాడు.

ఇక్కడ రాయి చెక్కేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి. వచ్చే నెలలోపు పెట్టాలని అమ్మ ఆశ.

కాజీపేట జంక్షన్ · గురువారం, రాత్రి 10:20

చెల్లెమ్మా, మా అక్కది చేసినతను ఉన్నాడు, చేయి మంచిది. నంబరు విడిగా పంపుతాను. నల్ల రాయి తీసుకోండి, అక్షరం చాలా ఏళ్లు నిలుస్తుంది. పేరు ముందుగా కాగితం మీద పెద్దగా రాసి ఇవ్వండి, ఒత్తులు, దీర్ఘాలు మీరే దగ్గరుండి చూసుకోండి. మా అక్క పేరులో ఒక దీర్ఘం పోయింది, మళ్లీ చెక్కించాల్సి వచ్చింది.